మాస్టారి జవాబులు: పందెంలో తిమింగలం, పిట్ట

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా ఇంట్లో పందెం నడుస్తోంది. లోకంలో అన్నిటికన్నా పెద్ద ప్రయాణం చేసేది గ్రే వేల్ అనే తిమింగలమని తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి టీవీలో విని వచ్చాడు. మా మామగారేమో పేపర్లో చదివిన గాడ్‌విట్ అనే పిట్టను పట్టుకుని కూర్చున్నారు. ఓడినవాళ్ళు నెల రోజులు రైతుబజారు నుంచి కూరగాయలు తేవాలి. మీ మాటే ఫైనల్ అని ఇద్దరూ ఒప్పుకున్నారు.
- ఓ గృహిణి, అమలాపురం

జవాబు: అమ్మా, ముందు తీర్పు చెప్పేస్తాను, లేకపోతే మీ ఇంట్లో ఎవరూ మిగతాది చదవరు. సంచీ మీ అబ్బాయి చేతికే ఇవ్వండి. అయితే వాడు పూర్తిగా ఓడిపోలేదు. ఎందుకో కింద రాస్తున్నాను, మామగారికి ఆ భాగం కాస్త గట్టిగా చదివి వినిపించండి.

మామగారు పేపర్లో చదివింది బహుశా బి6 సంగతి. అది ఐదు నెలల గాడ్‌విట్ పిల్ల. అలాస్కాలో శాస్త్రవేత్తలు దాని ఒంటికి ఐదు గ్రాముల సోలార్ ట్రాన్స్‌మిటర్ కట్టారు. 2022 అక్టోబరు 13న అక్కడ లేచింది, అక్టోబరు 24న ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో దిగింది. మధ్యలో 13,560 కిలోమీటర్లు, పదకొండు రోజులు, అంతా పసిఫిక్ మహాసముద్రం. సగటున గంటకు యాభై కిలోమీటర్ల చొప్పున రాత్రీ పగలూ రెక్కలాడించడమే. తిండి లేదు, నీళ్ళు లేవు. ఇది బాతులా నీటి మీద వాలి సేద తీరే పక్షి కాదు. నాకు ఆశ్చర్యం దూరం ఒక్కటే కాదమ్మా. పెద్ద పక్షులు ముందే వెళ్ళిపోతాయి. పుట్టి ఐదు నెలలైనా నిండని పిల్లలు, ఎన్నడూ చూడని దేశానికి, దారి తెలిసినవాళ్ళెవరూ వెంట లేకుండా తర్వాత బయలుదేరుతాయి.

ఏడాది మొత్తం లెక్క చూసినా పిట్టదే పైచేయి. 2007లో ఇ7 అనే ఆడ గాడ్‌విట్‌ను న్యూజిలాండ్ నుంచి వెంబడించారు. అది చైనా, ఉత్తర కొరియా సరిహద్దులోని యాలు నది ముఖద్వారం దగ్గర ఆగి, అక్కణ్ణుంచి అలాస్కా వెళ్ళి గూడు కట్టి, తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగకుండా ఎనిమిది రోజుల్లో న్యూజిలాండ్ చేరింది. మూడు అంగల్లో దాదాపు 29 వేల కిలోమీటర్లు. గ్రే వేల్ వేసవిలో బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తుంది, చలికాలం మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉప్పు కయ్యల్లో పిల్లల్ని కంటుంది. రానూపోనూ 16 నుంచి 20 వేల కిలోమీటర్లు. వాటిలో వర్వారా అనే ఆడ తిమింగలం రికార్డు వేరు. రష్యాలోని సఖాలిన్ దీవి దగ్గర దానికి ట్యాగు వేస్తే బాహా దాకా పోయి తిరిగొచ్చింది. 172 రోజుల్లో 22,511 కిలోమీటర్లు. అయినా ఇ7ను అందుకోలేదు.

ఇక్కడ మీ అబ్బాయి తెలివిగా 'శరీరం పొడవుతో పోల్చి చూద్దాం' అంటాడేమో. వద్దని చెప్పండి, ఇంకా ఘోరంగా ఓడిపోతాడు. గాడ్‌విట్ పొడవు 40 సెంటీమీటర్లు, అంటే బి6 తన పొడవుకు మూడు కోట్ల రెట్లు పైగా ఎగిరింది. పదమూడు మీటర్ల తిమింగలం ఒక వైపు ప్రయాణంలో ఈదేది తన పొడవుకు ఎనిమిది లక్షల రెట్లు కూడా ఉండదు. ఇలాంటి లెక్కలు క్విజ్ పోటీలకు బాగుంటాయి గాని, వాటితో జంతువు గురించి తెలిసేది ఏమీ లేదు. చీమను తెచ్చి ఏనుగుతో పోల్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు.

అసలు పోల్చవలసింది ఇంధనం. ఇద్దరిదీ ఒకటే సరుకు, కొవ్వు. గ్రాము పిండిపదార్థంలో నాలుగు కేలరీలుంటే గ్రాము కొవ్వులో తొమ్మిది. దాచుకోవడానికి పక్కన నీళ్ళు కూడా అక్కర్లేదు. దూరం వెళ్ళేవాడెవడైనా కొవ్వే మోసుకెళ్ళాలి. కాని దాన్ని మోసే తీరులోనే ఈ ఇద్దరికీ పొత్తు కుదరదు.

1987 అక్టోబరులో అలాస్కా ద్వీపకల్పం కొసన కొన్ని గాడ్‌విట్ పిల్లలు అప్పుడే బయలుదేరి, రాడార్ గుమ్మటానికి కొట్టుకుని చనిపోయాయి. థ్యూనిస్ పియెర్స్మా, రాబర్ట్ గిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటిని కోసి చూసి 1998లో ఫలితాలు ప్రచురించారు. ఒంటి బరువులో 55 శాతం కొవ్వే. అంతకన్నా వింత, కడుపు, పేగులు, కాలేయం, మూత్రపిండాలు బాగా కుంచించుకుపోయి ఉన్నాయి. పదకొండు రోజులు తిండే లేనప్పుడు అరిగించే సరంజామా దండగ బరువు కదా. పొరుగూరు ప్రయాణానికి పొయ్యి, రుబ్బురోలు కూడా కరిగించి డబ్బు చేసుకున్నట్టుంది దీని వ్యవహారం. దిగిన తర్వాత అవి మళ్ళీ పెరుగుతాయి.

తిమింగలం అలా చెయ్యదు. దానికి తొందర లేదు. 1932లో మాక్స్ క్లైబర్ చూపించిన సూత్రం ఒకటుంది: శరీరం పెరిగేకొద్దీ కిలోకు ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. ముప్ఫై టన్నుల ఒళ్ళు కిలో లెక్కన చాలా పొదుపుగా నడుస్తుంది. పైగా నీరే దాని బరువు మోస్తుంది. అందుకే అది గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల చొప్పున, తీరం పక్కనే, రెండు మూడు నెలలు తాపీగా ఈదుతుంది. చర్మం కింది కొవ్వు పొర దానికి తిండీ, దుప్పటీ కూడా. పిట్ట కొవ్వంతా కాల్చేసుకుని దిగవచ్చు. తిమింగలం అంతా కాల్చేస్తే చలికి పోతుంది.

ఇక మీ అబ్బాయి పక్షాన నేను చెప్పదలచిన మాట. ఆడ గ్రే వేల్ కయ్యలో బిడ్డను కంటుంది. పుట్టేటప్పటికే పిల్ల నాలుగైదు మీటర్లు, టన్నుకు దగ్గర. దానికి సగానికి పైగా కొవ్వే ఉండే చిక్కటి పాలు ఇస్తూ, పక్కన పెట్టుకుని ఉత్తరానికి ఈదుతుంది. దారి పొడవునా ఓర్కాలు అనే వేటాడే తిమింగలాలు ఆ పిల్ల కోసం కాచుకుని ఉంటాయి. ఈ తల్లి కిందటి శరదృతువు నుంచీ దాదాపు ఏమీ తినలేదు. గాడ్‌విట్ పదకొండు రోజులు పస్తుంటే, ఈవిడ అర్ధ సంవత్సరం పస్తుండి బాలింతరాలిగా ఇంకొకరిని పెంచుతోంది. దూరంలో మామగారు గెలిచారు. ఓర్పులో నా ఓటు తిమింగలానికే. కాని పందెం ప్రయాణం మీద కాబట్టి సంచీ విషయంలో మార్పు లేదు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. డీహైడ్రేషన్ కేసులు రోజూ చూస్తాను. పక్షి పదకొండు రోజులు నీళ్ళు తాగకుండా ఎగురుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఉప్పు సముద్రంలో ఉండే తిమింగలమైనా ఏం తాగుతుంది?
- యానాం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నమ్మండి తల్లీ. కొవ్వు కాలినప్పుడు శక్తితో పాటు నీరు పుడుతుంది. వంద గ్రాముల కొవ్వుకు దాదాపు 107 గ్రాముల నీరు. ఎక్కువెందుకు వచ్చిందంటే కొవ్వులోని హైడ్రోజన్‌కు మనం పీల్చే ఆక్సిజన్ తోడవుతుంది. కండా, పేగులూ కరిగితే అందులో ఉన్న నీరు కూడా ఒంటికే దక్కుతుంది. పక్షికి చెమట గ్రంథులు లేవు, కాబట్టి చర్మం మీద చెమట రూపంలో పోయేది లేదు. ఊపిరితో పోయేదాన్ని ఈ నీరు భర్తీ చేస్తుంది.

తిమింగలానికీ చెమట లేదు. మేత ఉన్నప్పుడు ఆ మేతలోని నీరు, ఉపవాసంలో కొవ్వు నుంచి వచ్చే నీరు. మీ వార్డులో ఎవరికీ ఈ చిట్కా చెప్పకండి. మనకు చెమట ఎక్కువ, మన మూత్రపిండాలు అంత పొదుపరులు కావు.

ప్రశ్న: మాస్టారూ, నేను మీ దగ్గర ఇంటర్ చదివాను, ఇప్పుడు సియాటెల్‌లో ఉంటున్నాను. మొన్న విడ్బీ దీవి దగ్గర సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలో పెద్ద పెద్ద గుంటలు కనిపించాయి. అవి గ్రే వేల్స్ తిన్న చోట్లని అక్కడివాళ్ళు చెప్పారు. పిట్టలు తిరిగే బురదలోకి అంత పెద్ద జంతువు ఎలా వస్తుంది? మమ్మల్ని ఆటపట్టించారా?
- పేరు రాయని ఒక పాత విద్యార్థి

జవాబు: ఆటపట్టించలేదు బాబూ. నువ్వు చూసింది చాలామంది జీవశాస్త్రం మాస్టర్లకు చూసే యోగం లేనిది. నాకు ఫొటో ఎందుకు పంపలేదు?

ప్రతి వసంతంలో, మార్చి నుంచి మే చివర దాకా, కొద్దిపాటి గ్రే వేల్స్ ఉత్తరాదికి పోయే దారి నుంచి పక్కకు తిరిగి మీ ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోకి వస్తాయి. బురద బొరియల్లో ఉండే ఘోస్ట్ ష్రింప్ అనే రొయ్య జాతి కోసం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, ఒక్కోసారి మూడు మీటర్ల లోతు కూడా లేని నీటిలోకి వచ్చి, పక్కకు ఒరిగి, బురదను నోటితో పీల్చి, నీటినీ మట్టినీ బయటికి నెట్టి రొయ్యల్ని మింగి వెళ్ళిపోతాయి. పాటు తియ్యగానే గుంటలు బయటపడతాయి. అప్పుడు అదే బురదలో పొడుగు కాళ్ళ పిట్టలు దిగి ముక్కులతో పొడుచుకుని తింటాయి. పోటుకు ఒకరు, పాటుకు ఒకరు.

పెద్ద తిమింగలాల్లో ఇలా నేలను తవ్వుకుని బతికేది ఇదొక్కటే. ఎక్కువ భాగం కుడి పక్కకే ఒరుగుతాయి. అందుకే వాటి తలకు కుడివైపు గీతలు, ఒరుసుకుపోయిన గుర్తులు ఎక్కువ, ఒంటికి అతుక్కుని బతికే బార్నకిల్స్ అనే గుల్ల జీవులు తక్కువ. పళ్ళుండవు. పై దవడ నుంచి వేలాడే బేలీన్ పలకలు మేతను లోపల ఆపుతాయి. గాడ్‌విట్ పని ఇంకా సున్నితం. ముక్కు కొసలో స్పర్శ తెలిసే కణాలుంటాయి. బురదలో లోతుగా దింపి, మొత్తం నోరు తెరవకుండా కొస మాత్రమే విప్పి పురుగునో చిన్న గుల్లనో పట్టుకుంటుంది. ఆడదాని ముక్కు మగదాని కన్నా పొడుగు, కాబట్టి మొగుడికి అందని లోతు పెళ్ళానికి అందుతుంది. ఇంట్లో చెప్పుకోవద్దు.

ఇంకొకటి విను. బేరింగ్ సముద్రంలో గ్రే వేల్ అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు వెంట బురద మేఘంలా లేస్తుంది. అందులో ఆంఫిపాడ్లు అనే చిన్న రొయ్యలాంటి జీవులు చెల్లాచెదురుగా పైకి వస్తాయి. ఎర్ర ఫాలరోప్ అనే పిట్ట వచ్చి వాటిని ఏరుకుంటుంది. ఆ పిట్ట గాడ్‌విట్ కుటుంబంలోదే. అంటే ఒక ఒడ్డు పిట్ట నడి సముద్రంలో తిమింగలం ఎంగిలి తింటోంది. మొదటి ప్రశ్నలో ఆ తాతామనవలు ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టారు గాని, నాకు మాత్రం ఇద్దరూ ఒకే బురద మీద ఆధారపడ్డ వాళ్ళుగానే కనిపిస్తారు.

ప్రశ్న: తిమింగలానికి ఒకప్పుడు కాళ్ళుండేవని మా సైన్సు టీచర్ చెప్పారు. నిజమేనా?
- పదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

జవాబు: నిజమే అమ్మా. అందులో మన దేశం పాత్ర కూడా ఉంది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త రాళ్ళు సేకరించి, అందులోని ఒక చిన్న జంతువును 1971లో ఇండోహయస్ అని వర్ణించారు. చాలా రాళ్ళు విప్పకుండానే ఉండిపోయాయి. ఆయన పోయాక భార్య వాటిని భద్రంగా ఉంచి, చివరికి హాన్స్ థీవిసన్ అనే పరిశోధకుడికి అప్పగించారు. ఆయన దగ్గర పనిచేసే టెక్నీషియన్ శుభ్రం చేస్తుండగా ఒక పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట చూస్తే, తిమింగలాల చెవికి మాత్రమే ఉండే మందపాటి గోడ! 2007లో ఆ సంగతి ప్రచురించారు.

ఇండోహయస్ సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందటిది. పిల్లి కన్నా కాస్త పెద్దది, గిట్టల జంతువు. దాని కాళ్ళ ఎముకలు బరువుగా, దట్టంగా ఉంటాయి. నీటిలో తేలిపోకుండా అడుగున నడవడానికి అవి పనికొస్తాయి. అంటే తిమింగలాల దగ్గర చుట్టం ఒకప్పుడు లోతులేని నీళ్ళలో దిగి నడిచేది, ఇప్పుడు గాడ్‌విట్ చేస్తున్న పనే. బతికున్న జంతువుల్లో తిమింగలానికి దగ్గర బంధువు నీటి గుర్రం. పరీక్షలో చేప అని రాయకు.

ప్రశ్న: మీరు వింతలే చెబుతారు. అవి బతుకుతున్నాయా చస్తున్నాయా అన్నది కూడా రాయండి.
- విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

జవాబు: రాస్తానండీ, కోప్పడకండి.

తిమింగలం కథలో ఒక మంచి భాగం ఉంది. 1850ల చివర్లో చార్లెస్ స్కామన్ అనే కెప్టెన్ బాహా కయ్యల్లోకి ఓడతో ప్రవేశించి, ఈనడానికి వచ్చిన తల్లుల్ని వేటాడాడు. పిల్ల కోసం అవి పడవల మీద తిరగబడితే 'దెయ్యపు చేపలు' అని వాటికే చెడ్డపేరు పెట్టారు. వేట మీద 1946లో అంతర్జాతీయంగా రక్షణ వచ్చింది. సంఖ్య ఎంత బాగా కోలుకుందంటే 1994లో అమెరికా తన ప్రమాదపు జాబితాలోంచి ఈ తూర్పు పసిఫిక్ తిమింగలాల్ని తీసేసింది. శాన్ ఇగ్నాసియో అనే కయ్యలో 1972లో ఒక తిమింగలం జాలరి పడవ పక్కకు వచ్చి చెయ్యి వేయించుకుంది. అప్పటి నుంచి పిల్లల్ని తీసుకొచ్చి మరీ పడవలకు ఒళ్ళు అప్పగిస్తున్నాయి. అదే కయ్యలో భారీ ఉప్పు కర్మాగారం పెట్టబోతే, పెద్ద గొడవ జరిగి 2000లో మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్టో సెదియో రద్దు చేశారు.

తర్వాతి భాగం బాగోలేదు. 2016లో 27 వేల దాకా ఉన్న గ్రే వేల్స్ 2023కు పద్నాలుగున్నర వేలయ్యాయి. 2025 లెక్కలో ఇంకా తగ్గి 13 వేల దగ్గరకు వచ్చాయి. 2018 చివరి నుంచి 2023 దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చినవే 690. ఈటె దెబ్బలు లేవు, చాలా వాటికి ఒంట్లో కొవ్వు లేదు. ఉత్తరాన వాటి మేత నేలల్లో మార్పులొచ్చి తిండి తగ్గిందన్నది పరిశోధకుల నిర్ధారణ. వేట ఆపించడం మనుషుల చేతిలో పని. ఆర్కిటిక్ వేడెక్కడాన్ని ఏ ఒక్క అధ్యక్షుడూ సంతకంతో రద్దు చెయ్యలేడు.

గాడ్‌విట్‌కు గండం మధ్యలో ఆగే చోట. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం చుట్టూ బురద నేలలు యాభై ఏళ్ళలో మూడింట రెండు వంతుల దాకా పోయాయని అంచనా. 2006లో దక్షిణ కొరియా సేమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడ పూర్తి చేసింది. దాంతో పోటూ పాటూ ఆగి, లోపలి బురదంతా పాడైంది. 2018లో చైనా కొత్తగా తీరం పూడ్చే వ్యాపార పనుల్ని చాలావరకు ఆపింది, 2019లో అక్కడి కొంత తీరం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆలస్యమే, అయినా మేలే. తిమింగలం కోసం సంతకాలు పెట్టే జనం దొరుకుతారు. బురద కోసం ఎవరు పెడతారు చెప్పండి? మన దగ్గర కూడా బురద కనిపిస్తే ఖాళీ స్థలం అనుకునేవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: కోరింగ వైపు గాడ్‌విట్ కనిపిస్తుందా? ఎలా గుర్తుపట్టాలి?
- కాకినాడ నుంచి ఒక యువకుడు

జవాబు: కనిపిస్తుంది, చలికాలంలో. అయితే న్యూజిలాండ్ దాకా ఎగిరేవి అలాస్కా గుంపు. మన తీరానికి వచ్చేవి ఉత్తరాసియా నుంచి వస్తాయి. వీటి రికార్డులు అంత పెద్దవి కావు, నిరుత్సాహపడకు. మనకు రెండు రకాలు. నల్లతోక గాడ్‌విట్ ఎక్కువ కనిపిస్తుంది. కాళ్ళు బాగా పొడుగు, ముక్కు దాదాపు నిటారు, ఎగిరితే రెక్కలో వెడల్పాటి తెల్ల పట్టీ, నల్లటి తోక. ఈ శీర్షికలో మనం చెప్పుకున్నది చారల తోక గాడ్‌విట్. దాని కాళ్ళు కాస్త పొట్టి, ముక్కు కొస కొద్దిగా పైకి తిరిగి ఉంటుంది, రెక్కలో తెల్ల పట్టీ ఉండదు. నేల మీద నిలబడ్డప్పుడు తికమక పెడతాయి, ఎగిరేదాకా ఓపిక పట్టు. ఎగిరించడానికి రాళ్ళు వెయ్యొద్దు, మా కాలేజీ పిల్లలు వేసేవాళ్ళు.

పోటు మీద వెళితే బురదంతా నీటి కింద ఉంటుంది, పిట్టలూ ఉండవు. పాటు వేళ కనుక్కుని, గంట ముందే చేరుకో. బైనాక్యులర్స్ లేకపోతే అప్పు తెచ్చుకో. నావి అడగొద్దు, ఉప్పు గాలికి లోపల బూజు పట్టింది.

ప్రశ్న: గ్రే వేల్ వాంతి కిలో ఎంత ఉంటుంది? మా ఫ్రెండ్ దగ్గర ముక్క ఉంది.
- పేరు, ఊరు లేని పోస్టుకార్డు

జవాబు: గ్రే వేల్‌కు అలాంటిదేమీ రాదు. మీరడిగే ఆంబర్‌గ్రిస్ స్పెర్మ్ వేల్ పేగుల్లో తయారవుతుంది. మన దేశంలో అది దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, జైలుకు పంపుతారు. మీ ఫ్రెండ్ దగ్గరున్నది మైనం ముద్ద అయ్యే అవకాశమే ఎక్కువ. అలా అయితేనే ఆయన అదృష్టం.